ముందు ఎవరి కంప్యూటర్ వెయ్యాలి

అమలాపురంలో నేను కంప్యూటర్లు బాగుచేసిన ఆ ఆసుపత్రిలో పొద్దున్నే మెషీన్లు వేయడానికి ఒక వరుస ఉండేది. ఎవరో కూర్చుని పెట్టిన వరుస కాదది. ముందు పెద్ద సిస్టర్ గారు వార్డులో తన కంప్యూటర్ వేసేవారు. ఆవిడది వెలిగిందని చూసుకున్నాక ల్యాబ్ ఆయన తనది వేసుకునేవాడు. ఆ తర్వాత మందుల గది, ఆఖర్న బిల్లుల బల్ల. పెద్దావిడ ఇంకా కూర్చోకముందే మనం కూర్చుంటే ఏం బాగుంటుందని వాళ్ల ఉద్దేశం. ల్యాబ్ ఆయన రోజూ వార్డు గుమ్మం దాకా వచ్చి, "వేసేసేరాండీ? అయితే మేం కూడా వేసుకుంటామండీ" అని అడిగి మరీ వెళ్లేవాడు. ఆవిడ "ఆయ్, కానివ్వండి" అనేవారు.

నాకు ఈ మర్యాదలంటే మొదటినుంచీ ఒళ్లు మంట. మా వైపు ఇద్దరు మనుషులు ఒక గుమ్మం దగ్గర ఎదురుపడితే, మీరు పదండంటే మీరు పదండని అక్కడే పాతుకుపోతారు. వెనకాల వచ్చేవాడి సంగతి ఇద్దరికీ పట్టదు. కంప్యూటర్లకి కూడా పెద్దరికాలేమిటండీ అని నేను ల్యాబ్ ఆయన్ని ఆటపట్టించేవాణ్ని. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. ఆ వరుసే ఆ ఆసుపత్రిని ఏళ్ల తరబడి కాపాడుకుంటూ వచ్చిందని నాకు అప్పుడు తెలియదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకీ తెలియదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తరోజులవి. బస్టాండు దగ్గర ఒక మేడ మీద కంప్యూటర్ సెంటర్ పెట్టుకుని పాఠాలు చెప్పేవాణ్ని. అందుకని ఊళ్లో అందరికీ నేను మాస్టారినే. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ హైదరాబాద్‌లో ఏదో కంపెనీ రాసింది. వాళ్లు వచ్చి పెట్టేసి వెళ్లిపోయారు. వైరస్‌లు తీయడం, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం, కీబోర్డులో ఒలికిన టీ తుడవడం మాత్రం నా వంతు.

ఆ సాఫ్ట్‌వేర్ అంతా ఒకే ముక్క కాదు. ల్యాబ్‌లో ఒక భాగం, వార్డులో ఒక భాగం, మందుల గదిలో మరొకటి. ఎవరి పని వాళ్లది. ఒకదానికి మరొకదానితో పని పడితే ఒక చీటీ పంపుతుంది, అంతే. ల్యాబ్‌లో రక్తపరీక్ష అయితే వార్డుకి చీటీ వెళుతుంది. ఫలితం మామూలుగా ఉంటే వార్డు తెర మీద ఏమీ కనిపించదు. తేడాగా ఉంటేనే రోగి పేరు ఎర్రగా వస్తుంది. అన్ని కాగితాలూ చదివే తీరిక ఎవరికీ ఉండదని ఆసుపత్రి పెట్టిన డాక్టరు గారు అడిగి మరీ చేయించుకున్న ఏర్పాటది. అంతకుముందు రిపోర్టులు చేతపట్టుకుని ల్యాబ్ నుంచి వార్డుకి తిరిగిన ఆయాకి వేరే పని చెప్పారు.

రాత్రిపూట కంప్యూటర్లన్నీ ఆపేయాలన్నది కూడా డాక్టరు గారి మాటే. మా కరెంటు సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ మాటని తప్పుపట్టరు. లో వోల్టేజీకి ఒకసారి మానిటర్లు మాడి కంపు కొట్టాయి. రాత్రి చేసిన పరీక్షల ఫలితాలు రక్తం చూసే యంత్రంలోనే ఉండిపోయేవి. పొద్దున్న ల్యాబ్ కంప్యూటర్ వేయగానే అది వాటిని లాక్కుని, కళ్లు తెరుస్తూనే వార్డుకి పంపేసేది.

పెద్ద సిస్టర్ గారిది గోదావరి అవతల, నీళ్ల మధ్య ఉన్న లంక ఊరు. తాత కామందుల పొలాల్లో కూలి చేశాడని, తండ్రి మిషన్ బడిలో పంతులయ్యాడని ఆవిడే ఒకసారి చెప్పారు. రోజూ తెల్లవారగానే పడవ దాటి, ఆటో ఎక్కి, అందరికంటే ముందు వచ్చేవారు. వచ్చి వార్డు మూల నిలబడి కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేవారు. తర్వాత కంప్యూటర్ మీట నొక్కేవారు. ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. అయినా ఆవిడ వార్డులోకి వస్తున్నారంటే నర్సులు జడలు సర్దుకునేవారు. సెలవు పెడితే ముందురోజే ఒక నర్సుకి అప్పజెప్పి, "రేపు నా సీట్లో నువ్వు కూర్చోమ్మా" అని చెప్పి వెళ్లేవారు. అప్పుడు ఆ నర్సు కూడా అలాగే ముందు వచ్చి ముందు మీట నొక్కేది. అంచేత ఆవిడ లేని రోజున కూడా వరుస తప్పేది కాదు.

ఆ ఏడాది శ్రావణంలో గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఏటా వచ్చేదే. వరద కబురు తెలియగానే పెద్ద సిస్టర్ గారు ముందురోజు సాయంత్రమే వచ్చేసి నర్సుల గదిలో పడుకునేవారు. ఈసారి రాలేదు. పొద్దున్నకి రేవులో పడవలు ఆపేశారు. అప్పటికి లంకలో ఫోను లేదు. వస్తారో రారో చెప్పేవాళ్లు లేరు.

ఇక్కడి నుంచి చెప్పేది తర్వాత ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నది. వార్డులో ఉన్న చిన్న నర్సు ఆవిడ కంప్యూటర్ ముట్టుకోలేదు. "సిస్టర్ గారు సెలవని చెప్పలేదు కదండీ. వచ్చేస్తారేమో అనుకున్నాం. ఆవిడ సీటులో ఎలా కూర్చుంటామండీ" అంది. ల్యాబ్ ఆయన గుమ్మం దాకా వచ్చి చూసి వెనక్కి వెళ్లాడు. మళ్లీ వచ్చి చూశాడు. చివరికి డాక్టరు గారు రౌండ్లకి దిగి, ల్యాబ్ ఇంకా చీకటిగా ఉందేమిటని కేకలేశారు. అప్పుడు ఆయన తన మెషీన్ వేశాడు. అది లేచింది, రాత్రి ఫలితాలన్నీ వార్డుకి పంపింది, పంపేశానని తెర మీద చూపించింది. వార్డు కంప్యూటర్ మాత్రం ఇంకా నిద్రలోనే ఉంది.

ఆ ఫలితాల్లో ఒకటి ఓడలరేవు నుంచి వచ్చిన, చేపల వేటకెళ్లే వాళ్ల పసిపిల్లది. తొలిచూలు. పుట్టి ఇంకా వారం కాలేదు, పేరు పెట్టలేదు. కళ్లు పచ్చగా ఉన్నాయని తెల్లవారుజామునే కామెర్ల పరీక్షకి రక్తం తీశారు. రాత్రి డ్యూటీ మనిషి రక్తం గొట్టం యంత్రంలో పెట్టి, డ్యూటీ దిగి ఇంటికెళ్లిపోయాడు. ఫలితం చాలా ఎక్కువగా వచ్చింది. అలాంటి పిల్లని వెంటనే లైటు కింద పెట్టాలి, అవసరమైతే రక్తం మార్చాలి. ఆలస్యమైతే కామెర్లు మెదడుకి ఎక్కుతాయి. నర్సులందరికీ తెలిసిన సంగతే ఇది.

పడవ మళ్లీ వదిలాక పెద్ద సిస్టర్ గారు చీర కుచ్చిళ్ల దాకా తడిసి వచ్చారు. ప్రార్థన చేసుకుని కంప్యూటర్ వేశారు. తెర మీద ఎర్రగా ఏమీ లేదు. మంచాల వెంట ఒక చుట్టు తిరిగారు. మబ్బు పట్టిన రోజు, వార్డులో చాలీచాలని వెలుతురు, పిల్ల చామనఛాయ. నుదుటి మీద వేలితో నొక్కి చూశారు. అనుమానం వచ్చింది. ల్యాబ్‌కి వెళ్లి, "ఆ ఓడలరేవు వాళ్ల పాప రిపోర్టు అయ్యిందాండీ?" అని అడిగారు.

"ఎప్పుడో పంపేసేమండీ. మీకు వచ్చేసుంటుందండీ" అన్నాడాయన. అబద్ధం చెప్పలేదు. తెర మీద పంపినట్టే ఉంది.

ఆవిడ తిరిగి వచ్చి మళ్లీ తెర చూశారు. ఎరుపు లేదు. రిపోర్టు వచ్చింది, ఎరుపు లేదు, అంటే పిల్ల బాగానే ఉన్నట్టు. తల్లిదండ్రులు అడిగితే అదే మాట చెప్పారు. ఎంత వచ్చిందండీ అని ఒక్క మాట అడిగి ఉంటే ల్యాబ్ ఆయన చూసి చెప్పేవాడు. కానీ పంపేశామని ఆయన చెప్పాక రెట్టించి అడిగితే ఆయన మాట నమ్మనట్టు అవుతుంది. ఈ మర్యాద తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు నూరబుద్ధేస్తుంది. ఇద్దరూ మంచివాళ్లు, ఇద్దరూ పని తెలిసినవాళ్లు, ఇద్దరూ ఎదుటివాళ్ల మాటని గౌరవించారు.

పిల్లల డాక్టరు కాకినాడ నుంచి మధ్యాహ్నం వస్తాడు. వరదకి దారి మళ్లించడంతో ఆ రోజు సాయంత్రమైంది. అప్పటికే పిల్ల పాలు తాగడం మానేసి, ఒళ్లు వెనక్కి విల్లులా వంచేస్తోంది. ఆయన చూస్తూనే కారు తెప్పించి కాకినాడ పంపించాడు. పిల్ల మర్నాడు పోయింది.

తండ్రి రెండు రోజుల తర్వాత ఆసుపత్రికి వచ్చాడు. వెంట ఊరివాళ్లు చాలామంది వచ్చారు. వాళ్లు అరిచారు. తండ్రి అరవలేదు. డాక్టరు గారి గది గుమ్మంలో నిలబడి ఒకే మాట చెప్పాడు. "బాగానే ఉందన్నారండీ. మేం అడిగితే బాగానే ఉందన్నారండీ."  ఎవరో ఒకరు చేసిన తప్పని చెప్పకపోతే వచ్చినవాళ్లు కదిలేలా లేరు.

డాక్టరు గారు నన్ను పిలిపించారు. నేను వెళ్లేసరికి గదిలో పెద్ద సిస్టర్ గారు నిలబడి ఉన్నారు. ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉంది.

"మాస్టారూ, ల్యాబ్ నుంచి రిపోర్టు పంపినట్టు కంప్యూటర్లో ఉంది కదా. అది ప్రింటు తీసివ్వండి. అంతే, ఇంకేం అక్కర్లేదు" అన్నారాయన.

"నాకు రాలేదండీ" అన్నారు ఆవిడ. "వస్తే చూడనాండీ."

"మనుషులం మనం మర్చిపోతామండీ. కంప్యూటర్ అబద్ధం ఆడదు కదా."

నేను ప్రింటు తీసి తెచ్చాను. పిల్ల తల్లి పేరు, పరీక్ష పేరు, పంపబడింది అన్న మాట, పంపిన సమయం, అన్నీ ఉన్నాయి. డాక్టరు గారు ఆ కాగితం ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివారు. చదివి మళ్లీ అదే మాట అన్నారు, నాకు రాలేదండీ అని. కొన్నాళ్లు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండని డాక్టరు గారు చెప్పారు. వార్డు సిస్టర్ని తీసేశామని బయటివాళ్లకి చెప్పారు. మూల ఉన్న తన గొడుగు తీసుకుని ఆవిడ వెళ్లిపోయారు. నర్సులెవరూ ఆవిడ కళ్లలోకి చూడలేకపోయారు.

ఆ కాగితం నన్ను పట్టి పీడించింది. ఆ కాగితం మీదున్న వేళకి పెద్ద సిస్టర్ గారు అవతల ఒడ్డున పడవ కోసం నిలబడి ఉన్నారు. వార్డు కంప్యూటర్ ఆపేసి ఉంది. ఆపేసి ఉన్న మెషీన్‌కి చీటీ పంపితే అది ఎక్కడికి వెళ్లినట్టు?

ఆదివారం ఓపీ లేని పూట ఆసుపత్రికి వెళ్లి కూర్చున్నాను. లేని రోగి ఒకరిని సృష్టించి, ప్రమాదకరమైన ఫలితం ఒకటి యంత్రంలో పెట్టాను. వార్డు మెషీన్ ముందు వేసి ల్యాబ్ తర్వాత వేస్తే పేరు ఎర్రగా వచ్చింది. అన్నీ ఆపేసి, ల్యాబ్ ముందు వేసి వార్డు తర్వాత వేశాను. ల్యాబ్ పంపేశానంది. వార్డు లేచింది, తెర ఖాళీ. రెండూ ఒకేసారి వేసి చూశాను. ఒకసారి వచ్చింది, మరోసారి రాలేదు. ఏది ముందు కళ్లు తెరిస్తే దాన్నిబట్టి ఉంది పిల్ల ప్రాణం. 

జరిగింది ఇంతే. ల్యాబ్ భాగం లేస్తూనే, అవతల వినేవాళ్లు ఉన్నారా లేదా అని అడగకుండా చీటీ పంపేస్తోంది. వార్డు భాగం లేచి, ఇక నాకు చీటీలు పంపవచ్చు అని చెప్పుకునేదాకా దానికి వచ్చే చీటీలు ఎవరూ దాచిపెట్టరు, గాలికి పోతాయి. తలుపు తీయని ఇంటి ముందు పాలవాడు పాలు నేలమీద పోసేసి, పోశానని చెప్పుకుని వెళ్లిపోయినట్టు. అవతలివాళ్లకి అందిందా లేదా అన్న ఊసే ఆ కాగితంలో లేదు. అన్నేళ్లూ వార్డు తలుపు ముందు తెరుచుకునేది కాబట్టి పాలు గిన్నెలో పడ్డాయి. పెద్దావిడ ముందు కూర్చోవాలన్న మర్యాద ఆ లోపాన్ని కప్పిపెట్టింది. అదే మర్యాద, ఆవిడ రాని రోజున ఆవిడ మెషీన్‌ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

హైదరాబాద్ కంపెనీకి ఫోను చేశాను. మాట్లాడినవాడు కుర్రగొంతు. అంతా విని, "మెషీన్లన్నీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాయి కదా సార్, మీరు ఎందుకు ఆపేస్తున్నారు?" అన్నాడు. వాడి ఆఫీసులో కరెంటు పోదు. వాడు పరీక్షించినప్పుడు అన్ని భాగాలూ ఒకే బల్ల మీద, ఒకే మెషీన్‌లో లేచి ఉంటాయి. ఇక్కడ ఒక పిల్ల పోయిందని చెప్పాను.  వచ్చే వెర్షన్‌లో చూస్తామన్నాడు. ఫోను విసిరికొట్టాలనిపించింది. అది సెంటర్‌లోని ఫోను, పాఠాలకి వచ్చినవాళ్లు చూస్తున్నారు, పెట్టేశాను.

డాక్టరు గారికి చూపించాను. మెషీన్లు ఆపి, వేసి, ఆయన కళ్లముందే చేసి చూపించాను. ఆయన తెలివైన మనిషి, రెండోసారి చెప్పించుకోలేదు. కుర్చీలో కూలబడ్డారు.

"ఇది ఇంకెవరికైనా చెప్పేరా మాస్టారూ?"

"లేదండీ."

"చెప్పకండి. ఇప్పుడు తప్పు ఆసుపత్రిదంటే ఆ జనం దీన్ని నిలబడనివ్వరు. సిస్టర్ గారికి నేను ఏదో దారి చూస్తాను."

"ఆవిడ తప్పేం లేదు కదండీ."

"లేదు. నాకూ తెలుసు. కానీ సంగతి ఇప్పటికి చల్లారింది మాస్టారూ." ఆయన మొహంలో కపటం లేదు, అలసట ఉంది. కపటం ఉంటే నాకు నయంగా ఉండేది, తిట్టి రావచ్చు. ల్యాబ్ మెషీన్ మీద ఒక కాగితం అంటించమన్నారు, వార్డు కంప్యూటర్ వేసిన తర్వాతే ఇది వేయవలెను అని. అంటించాను. వినేవాళ్లు ఉన్నారో లేదో అడిగి, ఉన్నామని జవాబు వచ్చాకే చీటీ పంపేలా సాఫ్ట్‌వేర్ మార్చించాలని గట్టిగా చెప్పాను. ఆయన తల ఊపారు. ఆ నెల తర్వాత నేను ఆ ఆసుపత్రి పని మానుకున్నాను.

నాకు ఒకే ఒక్క పని మిగిలింది. పెద్ద సిస్టర్ గారు తన మీద పడ్డ నింద మోస్తూ లంకలో కూర్చుని ఉన్నారు. పిల్ల రిపోర్టు తనకి వచ్చినా చూడలేదని ఊరంతా అనుకుంటోంది. కనీసం ఆవిడకైనా నిజం తెలియాలి. ఎవరికీ చెప్పకండని డాక్టరు గారు అన్న మాట నాకు అడ్డంగా అనిపించలేదు. వరద తీశాక ఒక మధ్యాహ్నం పడవ ఎక్కాను. దారంతా హుషారుగానే ఉన్నాను. ఒక మనిషికి పోయిన పరువు తిరిగి ఇవ్వడానికి వెళుతున్నానన్న గొప్ప ఒకటి లోపల ఉంది.

అరటితోట పక్కన పెంకుటిల్లు. గోడల మీద వరదనీటి మరక ఇంకా తడిగానే ఉంది. ఆవిడ భర్త కుర్చీ తెచ్చి వేశారు. బక్కగా, పెద్దవయసు మనిషి. ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చి గడప మీద కూర్చున్నారు. మనిషి సగానికి సగం తగ్గిపోయారు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. నాకు పాఠాలు చెప్పే అలవాటు ఉంది కదా, బాగా విడమరిచి చెప్పాను. చీటీల సంగతి, పాలవాడి సంగతి, ఏది ముందు లేస్తే ఏమవుతుందో, అంతా. "మీకు రాలేదన్నది నిజమండీ. అది మీ మెషీన్‌కి చేరనే లేదు" అన్నాను. ఆవిడ మొహంలోకి చూస్తూ ఉన్నాను. ఆ మాటకి ఒక్క క్షణం ఆవిడ కళ్లు మెరిశాయి. భర్త వైపు చూశారు, విన్నారా అన్నట్టు. అక్కడితో ఆపేసి లేచి వచ్చేస్తే బాగుండేది.

ఆవిడ నర్సు. లక్షణం చెబితే కారణం అడగడం ఆవిడ వృత్తి. "మరి ఇన్నేళ్లూ అన్నీ ఎలా వచ్చేయండీ?" అన్నారు.

"రోజూ మీరే ముందు వేసేవారు కదండీ. అందుకని."

"ఆ రోజు నేను రాకముందే ల్యాబ్‌వాళ్లు వేసేసేరు."

"అవునండీ."

ఆవిడ చేతిలో ఖాళీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. "అంటే నేను పొద్దున్నే వచ్చి మీట నొక్కి ఉంటే పాప బతికేదన్నమాట."

"అలా కాదండీ, తప్పు సాఫ్ట్‌వేర్‌ది. రాసినవాళ్లది. వరుస మారినంత మాత్రాన పోయేలా రాయకూడదు. మీకేం సంబంధం లేదండీ." నా గొంతు నాకే వకీలు గొంతులా వినిపించింది.

"వరదొస్తే ముందురోజే వచ్చి పడుకుంటానండీ నేను. ఏటా అంతే. ఆ సాయంత్రం కూడా సంచీ సర్దేను. ఈయనకి జ్వరం తగిలిందని ఆగిపోయేనండీ."

భర్త తల దించుకున్నారు. నేను మళ్లీ మొదలుపెట్టాను. చిన్న నర్సు ఆ మెషీన్ వేసినా సరిపోయేదని, ల్యాబ్ ఆయన ఇంకాసేపు ఆగినా సరిపోయేదని, ఎవరిదీ తప్పు కాదని. ఎంత చెబుతున్నా అన్నీ ఆవిడ మీట దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపారు.

"నాకు అర్థమైందండీ. మీరు బాగా చెప్పేరు."

 గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు. నేను కాసేపు కూర్చుని లేచాను. ఆవిడ భర్త రేవు దాకా తోడొచ్చారు.  పడవ అవతల ఒడ్డున ఉంది, ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం.

"నాకు రాలేదు, వస్తే చూసేదాన్ని అని రోజూ అనుకునేదండీ" అన్నారాయన నీళ్లవైపు చూస్తూ. "నిద్దట్లో కూడా అదే మాట. ఆ మాట మీద కాస్త తింటోంది, కాస్త పడుకుంటోంది. ఇక ఆ మాట అనదండీ."

 పడవ వచ్చింది. ఒడ్డు బురదగా ఉంది. "జాగ్రత్తండీ, కాలు జారుద్ది" అంటూ ఆయనే నా చెయ్యి పట్టుకుని ఎక్కించారు.